ఏడో అధ్యాయం: ‘మీ ఒక్కరికే’ అన్న ఆఫర్

ఐపీఎల్ మ్యాచ్ మొదలవడానికి అరగంట ముందు ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. ‘మీ ఒక్కరికే: వెయ్యి వేస్తే ఇంకో వెయ్యి మేం కలుపుతాం. రాత్రి 12 దాకే.’ కౌతాళం బస్టాండులో నిలబడ్డ కుర్రాడికి, ఎమ్మిగనూరులో మగ్గం దిగి టీకి వచ్చిన మనిషికి, ఆదోని జిన్నింగ్ మిల్లులో రాత్రి షిఫ్టుకు పోయేవాడికి ఇలాంటివే వస్తుంటాయి. చూడ్డానికి ఒకేలా ఉన్నా అవన్నీ ఒకటి కావు. ఒకరికి వెయ్యి ఇస్తామంటారు, ఒకరికి రెండొందలు. ఇంకొకరికి అసలేమీ రాదు. ఎవరికెంత అన్నది దేన్ని చూసి తేలుస్తున్నారు? అందులో న్యాయం ఉందా?

పందెం ఆడొద్దని మీకు ఇప్పటికే చాలామంది చెప్పి ఉంటారు. చెప్పినవాళ్ళు మీ మంచి కోరినవాళ్ళే. కానీ ఎందుకు ఆడొద్దో లెక్క వేసి చూపినవాళ్ళు తక్కువ. ఈ అధ్యాయంలో ఆ లెక్కే చూద్దాం. నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే: బెట్టింగ్ యాప్ మీకు చూపే ప్రత్యేక మర్యాద మీరెంత పోగొట్టుకోగలరో అంచనా కట్టి పెట్టిన ఖర్చు. ఈ మాట ఒంటబడితే ఆ మెసేజ్‌ను చూసే చూపే మారిపోతుంది.

రేటులోనే దాగిన వాటా

ఒక మ్యాచ్‌లో రెండు జట్లూ సమ ఉజ్జీలు అనుకుందాం. బొమ్మా బొరుసా అన్నంత సమానం. న్యాయంగా అయితే వంద కాసి గెలిచినవాడికి రెండొందలు రావాలి. అంటే రేటు 2.00. యాప్‌లో అలా ఉండదు. రెండు వైపులా 1.90 ఉంటుంది. గెలిస్తే 190 వస్తుంది, ఓడితే సున్నా. ఇలా వంద సార్లు వందేసి కాస్తే సుమారుగా యాభై సార్లు గెలుస్తారు. చేతి నుంచి పోయింది పదివేలు, తిరిగి వచ్చింది 9,500. మిగిలిన అయిదొందలు నిర్వాహకుడివి. మీరు ఏ జట్టును ఎంచుకున్నా, ఎంత తెలివిగా ఆలోచించినా ఈ అయిదొందలు రేటులోనే కూర్చుని ఉన్నాయి.

మన ప్రాంతానికి ఇది కొత్త కాదు. ఒకప్పుడు బొంబాయిలో న్యూయార్క్ పత్తి ఎక్స్ఛేంజి నుంచి టెలిప్రింటర్‌లో వచ్చే ఓపెనింగ్, క్లోజింగ్ ధరల మీద పందేలు కాసేవాళ్ళు. 1960ల మొదట్లో ఆ ధరలు రావడం ఆగిపోయాక, అంకెలు తీసే మట్కా ఆ చోటును ఆక్రమించింది. పత్తి వ్యాపారం నడిచే ఆదోనికి కూడా మట్కా చీటీ పాత జబ్బే. రెండంకెల నంబరు తగిలితే రూపాయికి ఎనభై ఇస్తానని చీటీలు రాసే బీటర్ చెప్పాడనుకోండి. ఉన్నవి వంద నంబర్లు. వంద రూపాయల చీటీలు రాస్తే ఎనభై పంచి ఇరవై మిగుల్చుకుంటాడు. పచ్చి దోపిడీ. అయితే ఒకటి గమనించండి. ఆ బీటర్ దగ్గర హమాలీకీ అదే రేటు, షావుకారుకీ అదే రేటు. ముంచడం అందరినీ ఒకేలా ముంచేవాడు. ఎంత ముంచుతున్నాడో నాలుగు రోజులు గమనించిన ఎవరికైనా తెలిసేది.

ఫోన్‌లోకి వచ్చిన పందెం ఆ కొద్దిపాటి సమానత్వాన్ని కూడా తీసేసింది. ఇప్పుడు మనిషికో రేటు.

ఒకే మ్యాచ్, ఇద్దరు స్నేహితులు

ఖాదర్, ఈరన్న అనే ఇద్దరు స్నేహితులు ఒకే యాప్‌లో ఐడీలు తీసుకున్నారనుకుందాం. ఖాదర్ ఆచితూచి కాస్తాడు. రేటు తనకు అనుకూలంగా ఉందనిపిస్తేనే వేస్తాడు, గెలిచింది వెంటనే విత్‌డ్రా చేస్తాడు. ఈ నెల నాలుగు వేలు లాభంలో ఉన్నాడు. ఈరన్న గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి పోయి వచ్చాడు. తెచ్చిన డబ్బులో పన్నెండు వేలు ఇప్పటికే పోయాయి. పోయినప్పుడల్లా పది నిమిషాల్లోపే మళ్ళీ డబ్బు వేశాడు.

ఈ రాత్రి మ్యాచ్‌కు ఇద్దరి ఫోన్లలోనూ రేటు 1.90 అనే ఉంది. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

ఖాదర్ రెండు వేలు కాద్దామంటే ‘గరిష్ఠం 200’ అని వస్తుంది. బోనస్ లేదు. క్యాష్‌బ్యాక్ లేదు. ఈరన్న పాతిక వేల దాకా కాయవచ్చు. పోయిన డబ్బులో 5 శాతం వెనక్కి ఇస్తామన్నారు. ‘మీ పర్సనల్ మేనేజర్’ అంటూ ఒకతను వాట్సాప్‌లో ‘అన్నా, ఈరోజు మీ రోజు’ అని పలకరించాడు. పైగా ఈరన్నకు మాత్రమే 1.90 రేటును 2.10కి పెంచారు, కాకపోతే మొదటి వంద రూపాయలకే.

ఆ పెంపు లెక్క చూద్దాం. సమ ఉజ్జీల మ్యాచ్‌లో 2.10 రేటుకు వంద కాస్తే సగటున అయిదు రూపాయలు ఈరన్నకే మిగులుతాయి. కానీ ఆ సంబరంలో అతను వందతో ఆగడు. ఇంకో అయిదు వేలు మామూలు 1.90 రేటుకు కాస్తాడు. దాని మీద సగటు నష్టం 250. యాప్ అయిదు రూపాయలు ఖర్చు పెట్టి 250 రాబట్టింది.

కాబట్టి తెర మీద కనిపించే రేటు ఒక్కదాన్నే ధర అనుకోకండి. ఎంత దాకా కాయనిస్తారు, ఏ బోనస్ ఇస్తారు, ఎవరికి రేటు పెంచుతారు, గెలిచిన డబ్బు ఎంత త్వరగా చేతికిస్తారు, ఇవన్నీ కలిస్తేనే మీ ధర. ఇది మనిషికీ మనిషికీ మారుతుంది. గెలిచేవాడికి తలుపు సన్నబడుతుంది, ఓడేవాడికి బార్లా తెరుచుకుంటుంది.

బ్రిటన్‌లో పందెం చట్టబద్ధం. అక్కడ కూడా లెక్క తెలిసి గెలిచేవాళ్ళ పరిమితిని కంపెనీలు కొన్ని పౌండ్లకు కుదించేయడం అందరికీ తెలిసిన సంగతి. మరోపక్క లాభం ఎవరి నుంచి వస్తోందో ఆ దేశపు ఎగువ సభ అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ కమిటీ 2020లో తేల్చి చెప్పింది. జూదం కంపెనీల లాభంలో 60 శాతం, ఇప్పటికే వ్యసనంలో పడ్డ లేదా పడబోతున్న 5 శాతం మంది నుంచే వస్తోందని ఆ నివేదిక సారాంశం. అలాంటప్పుడు కంపెనీ ఆఫర్లు ఎవరి వైపు పారతాయో వేరే చెప్పాలా?

యాప్ మీలో ఏం చూస్తుంది

మీరు రోజూ ఎన్ని గంటలకు తెరుస్తారు, నెలలో ఏ తేదీన ఎక్కువ డబ్బు వేస్తారు, ఓడిన ఎన్ని నిమిషాలకు మళ్ళీ వేస్తారు, ఏ జట్టును వదులుకోలేరు, ఎన్నాళ్ళు దూరంగా ఉండి తిరిగి వచ్చారు, ఏ మాట చెబితే వచ్చారు. ఇదంతా మీ వేలి కదలికలతోనే నమోదవుతుంది. మీరు నోరు తెరిచి చెప్పాల్సిన పనిలేదు.

ఇందులో అన్నిటికంటే విలువైన సమాచారం, ఓడిన తర్వాత మీరేం చేస్తారన్నది. పోయిన డబ్బు బాధ, అంతే డబ్బు వస్తే కలిగే ఆనందం కన్నా పెద్దదని డేనియల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే సిద్ధాంతీకరించారు. ఆ బాధ వల్లనే మనిషి ‘పోయింది రాబట్టి మానేస్తా’ అంటాడు. క్యాష్‌బ్యాక్ సరిగ్గా ఆ క్షణానికే తయారుచేసిన ఎర. పదివేలు పోయిన రాత్రి అయిదొందలు వెనక్కి వస్తే మనసు తేలికపడుతుంది. ఆ అయిదొందలు కూడా చాలాసార్లు నోట్లుగా చేతికి రావు. మళ్ళీ కాయడానికి మాత్రమే పనికొస్తాయి.

న్యాయాన్ని పరీక్షించే పద్ధతి

‘ఏ వ్యాపారంలోనైనా పాత గిరాకీకి తగ్గింపు ఇస్తారు కదా, ఇందులో తప్పేముంది?’ అని మీరడగవచ్చు. మంచి ప్రశ్న. జవాబు ఆదోని మార్కెట్ యార్డులో దొరుకుతుంది.

కౌతాళం నుంచి, కోసిగి నుంచి, పెద్దకడుబూరు నుంచి రైతులు పత్తి తీసుకొస్తారు. అక్కడ అందరికీ ఒకే ధర పడదు. ఒకరి లాటుకు ఎక్కువ పలుకుతుంది, పక్కవాడి లాటుకు తక్కువ. అయినా దాన్ని మనం అన్యాయం అనం. ఎందుకంటే కొనేవాడు లాటులో చెయ్యి పెట్టి పింజ లాగి చూస్తాడు. తేమ చూస్తాడు, కాయపెంట, ఆకుముక్క ఉందేమో చూస్తాడు. ధర సరుకును బట్టి పడుతుంది. రెండోది, ఆ రోజు గరిష్ఠ ధర, కనిష్ఠ ధర, మధ్యస్థ ధర ఎంతో అందరికీ తెలుస్తుంది, తెల్లారి పేపర్లో కూడా వస్తుంది. తన చీటీని పక్కవాడి చీటీతో పోల్చి, నాకెందుకు తక్కువేశారని రైతు నిలదీయగలడు. మూడోది, ధర నచ్చకపోతే అమ్మకుండా నిలుపుకోవచ్చు. వద్దన్నందుకు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి బతిమాలేవాళ్ళు ఉండరు.

యార్డులోనూ లోపాలు ఉంటాయి, రైతులు వాటి మీద గొడవ పడుతూనే ఉంటారు. గొడవ పడగలగడమే ఇక్కడ ముఖ్యం. దీని నుంచి మూడు పరీక్షలు తీసుకుందాం. ఏ ఆఫర్ వచ్చినా వీటితో తూచండి.

మొదటి పరీక్ష: ధర దేన్ని చూసి పడింది? సరుకును చూసి పడితే సరే. నా బలహీనతను చూసి పడితే అన్యాయం. ఈరన్నకు పాతిక వేల పరిమితి ఇచ్చింది మ్యాచ్‌ను చూసి కాదు, అతని పన్నెండు వేల నష్టాన్ని చూసి.

రెండో పరీక్ష: పక్కవాడి ధర నాకు కనిపిస్తుందా? ఖాదర్‌కు గరిష్ఠం 200 అని ఈరన్నకు తెలిస్తే వెంటనే అనుమానం వస్తుంది. యాప్‌లో ఎవరి తెర వాళ్ళదే. పోల్చుకునే దారి లేనిచోట న్యాయం గురించి అడిగే దారి కూడా ఉండదు.

మూడో పరీక్ష: వద్దంటే వదిలేస్తారా? నాలుగు రోజులు ఆడకపోతే ‘మిమ్మల్ని మిస్ అవుతున్నాం, ఇదిగో అయిదొందలు’ అని వస్తే, మీ వద్దన్న మాటకు అక్కడ విలువ లేదని అర్థం.

పాత గిరాకీకి దుకాణంలో ఇచ్చే తగ్గింపు ఈ పరీక్షల్లో చాలావరకు నెగ్గుతుంది. ఎక్కువ కొన్నవాడు ఎక్కువ సరుకు ఇంటికి తీసుకుపోతాడు. పందెంలో ‘మంచి గిరాకీ’ అంటే ఎక్కువ పోగొట్టుకున్నవాడు. అతను ఇంటికి తీసుకుపోయేది ఏమీ లేదు.

బోనస్‌ను కాగితం మీద వేయండి

మొదట్లో చెప్పిన మెసేజ్‌ను ఇప్పుడు విప్పుదాం. వెయ్యి వేస్తే వెయ్యి బోనస్. ఖాతాలో రెండు వేలు కనిపిస్తాయి. విత్‌డ్రా కొట్టబోతే కింద చిన్న అక్షరాల్లో షరతు ఉంటుంది: మొత్తానికి 20 రెట్లు కాసిన తర్వాతే డబ్బు బయటికి. రెండు వేలకు 20 రెట్లంటే 40 వేల రూపాయల పందేలు. ప్రతి వంద మీద సగటున అయిదు పోతుందని ముందే చూశాం. 40 వేల మీద 5 శాతం ఎంత? సరిగ్గా రెండు వేలు. వాళ్ళ వెయ్యి, మీ వెయ్యి రెండూ కలిసి సగటున అక్కడే కరిగిపోతాయి. ఒకడికి మిగలవచ్చు, ఇంకొకడికి సగం దారిలోనే అయిపోవచ్చు. మొత్తం మీద లెక్క మాత్రం తేడా రాదు.

ఇలాంటి షరతుల మీదే బ్రిటన్ గ్యాంబ్లింగ్ కమిషన్ 2025లో నిర్ణయం తీసుకుంది, బోనస్ షరతు 10 రెట్లకు మించకూడదని. అంతకుముందు 2020 మార్చిలో, విఐపీ ఖాతాదారులు ఎక్కడి నుంచి డబ్బు తెస్తున్నారో అడగకుండా వాళ్ళకు ఆఫర్లు ఇస్తూ పోయినందుకు బెట్‌వే అనే కంపెనీ మీద కోటీ 16 లక్షల పౌండ్ల భారం మోపింది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రపు గుర్రప్పందేల సంస్థ 2014లో ఇంకో వైపు నుంచి వచ్చింది. గెలిచేవాడి పందేన్ని పూర్తిగా తోసిపుచ్చకుండా ఒక కనీస మొత్తం వరకు ఒప్పుకోవాలని బుక్‌మేకర్లకు నిబంధన పెట్టింది. అమెరికాలో 2018 మేలో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత రాష్ట్రాలు వరుసగా క్రీడా పందేలను అనుమతించాయి. ఆడేవాడి అలవాట్లను కృత్రిమ మేధతో గమనించి అతనికి తగ్గ ఆఫర్లు తయారుచేయడాన్ని నిషేధించాలని 2024లో అక్కడి కాంగ్రెస్‌లో ఒక బిల్లు కూడా పెట్టారు. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకు ఇది ముఖ్యం. అక్కడ చట్టం ఒప్పుకుంది కాబట్టి ఆఫర్ న్యాయమైనదని అనుకోవద్దు. ఆ న్యాయం గురించే అక్కడ ఇంకా కొట్లాట నడుస్తోంది.

మన దగ్గర అడిగే నాథుడు లేడు

ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించారు. తెలంగాణ 2017లోనే ఆ పని చేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. డబ్బు ఆటలు నడిపితే మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేస్తే రెండేళ్ళు, 50 లక్షలు. అప్పట్లో భారత క్రికెట్ జట్టు చొక్కా మీద పేరున్న డ్రీమ్11 కూడా ఆ నెలలోనే డబ్బు ఆటలను ఆపేసింది. ఏటా సుమారు 45 కోట్ల మంది 20 వేల కోట్ల రూపాయల దాకా ఈ ఆటల్లో పోగొట్టుకుంటున్నారని అప్పట్లో ప్రభుత్వం అంచనా చెప్పింది. కేంద్ర చట్టం ఆడినవాణ్ణి నేరస్థుడిగా చూడదు. మన రాష్ట్ర చట్టంలో మాత్రం ఆడినవాళ్ళకూ శిక్ష ఉంది, మరిచిపోవద్దు.

దీనివల్ల మీకొచ్చే అసలు చిక్కు వేరు. ఈరోజు కౌతాళంలో ఒకరి ఫోన్‌లో బెట్టింగ్ ఐడీ ఉందంటే, అది చట్టం వెలుపల నడిచేది. విదేశంలో ఎక్కడో సర్వర్, ఇక్కడ టెలిగ్రామ్ గ్రూపు, మధ్యలో ఒక ఏజెంటు. బోనస్ షరతు ఎన్ని రెట్లుండాలో చెప్పే కమిషన్ లేదు. గెలిచిన డబ్బు ఇవ్వకపోతే వినియోగదారుల కమిషన్‌కు పోయే దారి లేదు. తెర మీద కనిపించే రేటు నిజంగా మార్కెట్ రేటో, మీ కోసం మార్చిందో తేల్చేవాడు లేడు. బ్రిటన్‌లో అంత పెద్ద కమిషన్ కాపలా ఉన్నా ఇలాంటివి జరిగితే, కాపలాయే లేని చోట మీకు న్యాయమైన రేటు ఇస్తున్నారని ఏ ధైర్యంతో నమ్ముతారు?

లోకల్ బుకీ దగ్గరా ఇదే కథ. కంప్యూటర్ బదులు అతని కళ్ళు పనిచేస్తాయి. గెలిచేవాడి ఫోన్ ఎత్తడు. ఓడేవాడికి ‘డబ్బుదేముందన్నా, తర్వాత చూద్దాం’ అని అప్పు పెడతాడు. ఆ అప్పే అతనిచ్చే బోనస్.

ఈ వారం చేయాల్సిన పనులు

ఒకటి. అసలు లెక్క తీయండి. యూపీఐ యాప్‌లో, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో గత ఆరు నెలలు చూడండి. బెట్టింగ్‌కు పోయింది ఒక వైపు, నిజంగా బ్యాంకులోకి తిరిగి వచ్చింది ఒక వైపు రాయండి. యాప్‌లో కనిపించే బ్యాలెన్సును, బోనస్‌ను, కాయిన్లను లెక్కలోకి తీసుకోవద్దు. చేతికి రాని డబ్బు డబ్బు కాదు. ఏజెంటుకు నగదుగా ఇచ్చింది కూడా గుర్తు తెచ్చుకుని కలపండి. వచ్చిన మొత్తాన్ని మీ కూలి రోజుల్లోకి, లేదా నేసిన చీరల్లోకి మార్చి రాయండి. అప్పుడు ఆ అంకె మనసుకు పడుతుంది.

రెండు. ఆఫర్ల పట్టీ వేయండి. పాత మెసేజ్‌లు చెరిపేయకముందు ఒక కాగితం తీసుకుని మూడు గళ్ళు గీయండి. ఏ తేదీన ఆఫర్ వచ్చింది, ఏమిస్తామన్నారు, దానికి ముందు రోజు ఏం జరిగింది. పది ఆఫర్లు రాసి చూడండి. పెద్ద ఆఫర్లు మీరు బాగా పోగొట్టుకున్న మర్నాడో, మానేసిన నాలుగో రోజో, కూలి డబ్బు చేతికొచ్చే వారమో వచ్చాయేమో మీ కళ్ళతోనే తేల్చుకోండి. నా మాట నమ్మక్కరలేదు, మీ పట్టీని నమ్మండి.

మూడు. తలుపులు మూయండి. ముందు మీ డబ్బు ఏమైనా ఉంటే విత్‌డ్రా పెట్టండి. ‘ట్యాక్స్ కడితేనే విత్‌డ్రా’, ‘ఇంకో అయిదు వేలు వేస్తే ఖాతా తెరుస్తాం’ అంటే ఒక్క రూపాయి కూడా కట్టొద్దు, అది రెండో మోసం. తర్వాత ఐడీ మూసేయండి, యాప్ తీసేయండి, ఏజెంటు నంబర్లు బ్లాక్ చేయండి, టిప్స్ ఇచ్చే గ్రూపుల నుంచి బయటికి రండి. బ్యాంకు యాప్‌లో గానీ, బ్రాంచికి పోయి గానీ యూపీఐ రోజువారీ పరిమితిని ఇంటి ఖర్చుకు సరిపోయేంతకు తగ్గించుకోండి. మోసపోయిన డబ్బు గురించి 1930కి ఎంత త్వరగా ఫోన్ చేస్తే అంత మంచిది.

నాలుగు. మీ బ్యాంకు ఖాతాను, సిమ్‌ను ఎవరికీ అద్దెకివ్వొద్దు. ‘నెలకు ఇంత ఇస్తాం, ఖాతా వాడుకుంటాం’ అని అడిగేవాళ్ళు పందెం డబ్బును దాటించడానికే అడుగుతారు. రేపు కేసయితే ఖాతా మీ పేరున ఉంటుంది, స్టేషన్ మెట్లెక్కేది మీరే.

అయిదు. రెఫరల్ ఆపండి. స్నేహితుణ్ణి చేర్పిస్తే అయిదొందలు ఇస్తామంటారు. అతను పోగొట్టుకోబోయే డబ్బులో మీకు ముందే ఇచ్చే వాటా అది. యాప్ మీకు న్యాయం చేయలేదని కోపం వస్తోంది కదా, మన చేతుల్లో ఉన్న న్యాయం ఇది. ఇప్పటికే ఎవరినైనా చేర్పించి ఉంటే ఈ అధ్యాయంలోని లెక్కలు వాళ్ళకు చూపించండి.

ఆరు. ఒక్క మనిషికి చెప్పండి. అన్నకో, మేనమామకో, పెళ్ళానికో, పాత పంతులుగారికో. ఎంత బాకీ ఉందో దాచకుండా చెప్పండి. దాపరికం ఉన్నంతకాలం ఆ మేనేజర్ ఒక్కడే మీతో తియ్యగా మాట్లాడే మనిషిగా మిగులుతాడు. చేయి ఆగడం లేదు, నిద్ర పట్టడం లేదు, చచ్చిపోవాలనిపిస్తోంది అంటే ఆలస్యం చేయొద్దు. 14416 టెలీ మానస్ నంబరు. ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉన్నారు. జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుగా గుర్తించింది. జబ్బుకు మందు తీసుకోవడంలో సిగ్గుపడాల్సింది లేదు.

ఇంట్లోవాళ్ళకు నాలుగు మాటలు

మీ ఇంట్లో ఎవరైనా ఇందులో ఇరుక్కున్నారని తెలిసినప్పుడు మొదటి పది నిమిషాల్లో మీరనే మాట చాలా తేడా చేస్తుంది. ‘కొంప ముంచావు కదరా’ అని అరిస్తే అతను బాకీలో సగమే చెబుతాడు. మిగతా సగం తీర్చడానికి మళ్ళీ ఆ యాప్‌కే పోతాడు. అన్న తమ్ముడితో ఇలా మొదలుపెట్టవచ్చు:

‘రేయ్, కూర్చో. ఎంత బాకీ ఉండాదో మొత్తం చెప్పు. నేనేమీ అనను.’

‘యాభై దాకా ఉంటుందన్నా.’

‘లోన్ యాప్‌లో తీసుకున్నది కూడా కలిపినావా?’

‘...లేదన్నా. అది ఇంకో పద్దెనిమిది.’

‘సరే. రాసుకుందాం. ఎవరికి ముందు కట్టాలో ఇద్దరం చూద్దాం. నీ ఫోన్‌లో డబ్బు కట్టే పని కొన్నాళ్ళు నేను చూస్తా.’

రెండో ప్రశ్న అడిగిన తీరు చూడండి. అందులో నిలదీత లేదు, వదిలేయడం కూడా లేదు. నిజం పూర్తిగా బయటికి వచ్చేదాకా నెమ్మదిగా అడగాలి. బాకీ మొత్తం ఒకేసారి తీర్చి చేతులు దులుపుకోవద్దు. కంతులుగా, అతని సంపాదనలోంచే తీరేలా ఏర్పాటు చేయండి. లోన్ యాప్ బాకీ తీర్చడానికి ఇంకో లోన్ యాప్ తెరవనివ్వొద్దు. ఒక నెల సరిగ్గా గడిచిందని నిఘా వదలొద్దు. ‘మిమ్మల్ని మిస్ అవుతున్నాం’ అన్న పెద్ద ఆఫర్ వచ్చేది సరిగ్గా అప్పుడే.

గుర్తుంచుకోవాల్సినవి

రేటులో నిర్వాహకుడి వాటా ముందే ఉంటుంది. బోనస్ ఆ వాటాను తగ్గించదు, మీ చేత మరిన్నిసార్లు కట్టిస్తుంది.

పరిమితి కూడా ధరే. మిమ్మల్ని ఎంతైనా కాయనిస్తున్నారంటే, మీరు గెలవరని వాళ్ళకు నమ్మకం కుదిరినట్టు.

పక్కవాడి ధర కనిపించని బేరంలో మీ ధర న్యాయమైనదని తెలుసుకునే మార్గం లేదు. తెలుసుకోలేని బేరాన్ని వదులుకోవడం పిరికితనం కాదు, వివేకం.

మనిషికి గౌరవం కావాలి. రోజంతా మిల్లులోనో, చేలోనో, మగ్గం మీదో పనిచేసి, ఎవరూ మంచి మాట అనని మనిషికి ‘విఐపీ’ అన్న పిలుపు తియ్యగా ఉంటుంది. ఆ ఆకలి తప్పు కాదు. దాన్ని తీర్చుకోవడానికి పోయిన చోటు తప్పు. నలుగురిలో సమానంగా చూడబడటం, చేసిన పనికి తగ్గ ధర అడగగలగడం, నచ్చకపోతే లేచి రాగలగడం, గౌరవమంటే ఇవి. యార్డులో తక్కువ ధర వేస్తే గట్టిగా అడిగే రైతు బిడ్డలు మీరు. ఫోన్‌లో వచ్చే ఆఫర్‌ను కూడా అదే గొంతుతో అడగండి: నాకే ఎందుకు? దేన్ని చూసి? పక్కవాడికి ఎంత? ఈ మూడింటికీ జవాబు చెప్పని ఏ ఆఫర్‌కూ మీ కష్టార్జితంలో ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఈ రాత్రే స్టేట్‌మెంట్ తెరిచి మొదటి పని మొదలుపెట్టండి.